కొసరు

ఆ వాసన ముందు గొంతులోకి వచ్చి, ఆ తర్వాత ముక్కుకు తెలిసింది. సోంపు కలిపిన తుప్పు నీళ్ల వాసన. నర్సు సమత సీసా మూత తిప్పి, మందునీళ్లు గ్లాసులో పోసి అక్షయ చేతికి ఇస్తుంటే, ఓరగా తెరిచిన తలుపుకు ఇవతల తన గదిలో కూర్చున్న స్వప్నిక ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లుగా ఈ మొయినాబాద్ స్కాన్ సెంటర్లో కూర్చుని ఊళ్లవాళ్ల కడుపుల్లోకి తొంగిచూసి రిపోర్టులు రాసే డాక్టరమ్మకు ఒక సీసా వాసన పడకపోవడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. పడలేదు, అంతే. ఇవాళ ఏదీ పడటం లేదు. గోడకు కొట్టిన లేతాకుపచ్చ రంగు, ఏసీలోంచి వచ్చే తడిగుడ్డ కంపు, హాల్లో టీవీలో ప్లాట్లు అమ్ముతూ నవ్వుతున్న మనిషి పళ్లు, అన్నీ వెగటుగానే ఉన్నాయి. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని ఒక గుక్క మింగి, భుజాలు రెండూ ఎగరేసి వణికింది. పదహారేళ్ల పిల్ల, గాలికి పడిపోయేలా ఉంది. పక్కన కూర్చున్న నానమ్మ నిర్మలమ్మ కొంగుతో మూతి తుడుస్తూ తాగమని బుజ్జగిస్తోంది. గంటసేపు కొద్దికొద్దిగా తాగాలి. అప్పుడే పేగులన్నీ నిండి తెల్లగా కనిపిస్తాయి, పేగు ఏదో చీముగడ్డ ఏదో విడిగా తెలుస్తుంది. పోయిన నెల ఆ పిల్లకు అపెండిక్స్ తీశారు, శంకర్‌పల్లిలో. కుట్లు మానాయి కానీ జ్వరం మళ్లీ వచ్చింది, కుడివైపు పొత్తికడుపు గట్టిపడింది. లోపల చీము పట్టిందా లేదా తేల్చి చెప్పమని సర్జన్ ఇక్కడికి పంపాడు. పొద్దున స్వప్నికే అల్ట్రాసౌండ్ చేసి చూసింది. పేగుల్లో గాలి అడ్డంపడి ఏమీ కనిపించలేదు. కాబట్టి సీటీ తీయక తప్పదు, అందులో రెండో మాట లేదు. ఎంత తీయాలన్నదే మాట, ఆ మాట దగ్గరే ఆమెకు ఇప్పుడు ఒళ్లంతా చీదరగా ఉంది.

పాత స్కాన్‌ను పక్కన పెట్టుకుని పోల్చి చూద్దామని తెరవడం వల్ల వచ్చింది ఇదంతా. పోయిన నెల, ఆపరేషన్‌కు ముందు, ఇదే యంత్రం మీద తీసిన స్కాన్ అది. అప్పుడు స్వప్నిక ఢిల్లీలో డాక్టర్ల సదస్సులో ఉంది, రిపోర్టు ఎవరో బయటి డాక్టరు ఇంట్లో కూర్చుని రాసి పంపాడు. తెరిచింది. అబ్బ, ఎంత అందంగా ఉంది. ఎక్కడా మచ్చ లేదు, గరుకు లేదు, కాలేయం మీగడలా నున్నగా, రక్తనాళాలు గీత గీసినట్టు, పెళ్లి ఆల్బంలో పెట్టుకోదగ్గట్టు మెరిసిపోతోంది. అంత నునుపు చూడగానే ఆమె వేళ్లు మౌస్ మీద ఆగాయి. ఎక్స్‌రే కిరణాలు ఎంత కుమ్మరిస్తే బొమ్మ అంత నున్నగా వస్తుంది, ఎంత తగ్గిస్తే అంత ఇసుక చల్లినట్టు వస్తుంది. ఇంత సన్నటి పిల్లకు తను యంత్రంలో పెట్టి ఉంచిన కొలత ప్రకారం తీస్తే కొద్దిగా ఇసుక పడాలి. పడలేదేం? పైకి తిప్పుకుంటూ పోయింది. కడుపు అయిపోయింది, బొమ్మలు అయిపోలేదు. ఊపిరితిత్తుల అడుగులు దాటాయి, గుండె వచ్చింది, గుండెకు ముందు రెండు పక్కలా ఇంకా ఎదుగుతున్న ఆడపిల్ల రొమ్ములు, బూడిదరంగు వంపులుగా, ఎవరూ అడగని చోట, ఎవరికీ అక్కర్లేని చోట నిక్షేపంగా పడి ఉన్నాయి. కిందికి తిప్పింది. తొడల సగం దాకా వచ్చింది. అపెండిక్స్ తొడలో ఉంటుందా? పోనీ ఒక్కసారి తీశారా అంటే అదీ లేదు. రక్తనాళాలు కనపడేలా చేసే సూదిమందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కుతుండగా ఒకసారి, ఎక్కాక ఒకసారి, ఆఖరున ఊరికే ఇంకోసారి. ఒక్క విడతలో తేలే పనికి నాలుగు విడతలు. ఈ దెబ్బ ఇవాళ కొడితే ఇవాళ కనపడదు. ఎన్నో ఏళ్ల తర్వాత, ఎవరో ఒకరికి, ఎక్కడో ఒక క్యాన్సర్ గడ్డగా లేస్తుంది. చాలామందికి లేవనే లేవదు. అందుకే ఎవరూ ఎవరినీ పట్టుకుని అడగలేరు, అందుకే ఎవరికీ భయం లేదు. స్వప్నికకు ఉమ్మేయాలనిపించింది. ఎవరి మీద ఉమ్మేయాలో తెలియక నోట్లోనే మింగింది.

టెక్నీషియన్ రంజిత్‌ను పిలిచి అడిగితే మొదట గోడ చూశాడు, తర్వాత తన బూట్లు చూసుకున్నాడు. పనితనం తెలిసినవాడే, ఇద్దరు పిల్లల తండ్రి, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. చిక్కల్లా అక్కడే, ఎవరు చెప్పినా చేస్తాడు. పిల్లలకూ బక్కవాళ్లకూ తగ్గించి తీయాలని తను చేత్తో పెట్టిన కొలత ఎందుకు మార్చావని గట్టిగా అడిగేసరికి చివరికి నోరు విప్పాడు.

"పెద్దసేటు చెప్పిండు మేడం. మనోళ్లొస్తె జర కొసరెయ్యమన్నడు. పైన ఇంత, కింద ఇంత, రెండు మూడు సార్లు ఎక్కువ. ఫోటోలు మెరవాలె అన్నడు."

"మనోళ్లంటే ఎవరు?"

"తెలిసినోళ్లు మేడం. పెద్దిండ్లోళ్లు. తెల్వనోళ్లకు మీరు పెట్టినట్టే తీస్తున్న."

పెద్దసేటు అంటే ఇంకెవరో కాదు, స్వప్నిక కన్నతండ్రి ముకుందం. ఆ పేరు వినగానే ఆమెకు కోపం రావాల్సింది, రాలేదు. మొదట నవ్వొచ్చింది, పాడు నవ్వు. ఎక్కడి నుంచో కూలికొచ్చి కడుపునొప్పితో ఇక్కడ పడుకున్న మనిషికి సరిగ్గా తీస్తున్నారు, కార్లలో వచ్చి సేటూ అని పలకరించేవాళ్లకు ఏరికోరి నాలుగింతలు కొడుతున్నారు. గౌరవం కొద్దీ. ప్రేమ కొద్దీ. ఆ నవ్వు అట్లాగే గొంతులో అడ్డంపడి మళ్లీ సోంపు వాసనగా మారింది. అద్దంలోంచి చూస్తే కౌంటరు దగ్గర ఆయన కూర్చునే ఉన్నాడు, తెల్ల చొక్కా, నుదుటి మీద సన్నటి గంధం బొట్టు, ఎవరో ముసలాయన చెయ్యి పట్టుకుని ఊరి సంగతులు అడుగుతున్నాడు. ఆ ముసలాయన మొహంలో అప్పుడే సగం జబ్బు తగ్గిపోయినట్టుంది. స్వప్నిక చూపు తిప్పుకుంది. ఇష్టమైన మనిషి మీద రోత పుడితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, పరాయివాళ్ల మీదైతే ఒక తిట్టు తిట్టి దులిపేసుకోవచ్చు.

చేవెళ్లలో కూరగాయల మార్కెట్‌కు పోయే దారిలో ఉండేది ముకుందం కిరాణం. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షోరూం ఉంది. అప్పుడు చింతపండు వాసన, గోనెసంచుల వాసన, బెల్లం దిమ్మల మీద ముసిరే ఈగలు. బడి నుంచి వచ్చి గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటూ స్వప్నిక చూసేది తండ్రి కుడిచెయ్యినే. తక్కెడ ముల్లు నిటారుగా నిలబడేది, అక్కడి వరకు వ్యాపారం. ఆ తర్వాత ఆ చెయ్యి పప్పు సంచిలోకి పోయి, గుప్పెడు తీసి, పళ్లెంలో విదిల్చేది, పళ్లెం ఒక్క ఊపున కిందికి దిగేది, కొనేవాళ్ల ముఖం వెలిగేది. కొసరెయ్యని చెయ్యి చెయ్యే కాదు కర్ర అనేవాడు. పిల్లలొస్తే పుట్నాలు, బెల్లం ముక్క. ఎదురు దుకాణం అతను ధర తగ్గించి కూడా గిరాకీ లాగలేకపోయాడు, ఈయన ధర తగ్గించకుండానే ఊరంతటికీ సేటు అయ్యాడు. అదే ఆయన దానం, అదే ఆయన ధర్మం. ఆ చేతిని చూసి ఆమె ఎంత మురిసిందో. ఇప్పుడు తలుచుకుంటే అప్పుడు కనపడనిది కనపడుతోంది: కూలివాళ్లకు మూడు వేళ్ల చిటికెడు, తెలిసినవాళ్లకు గుప్పెడు, పెద్దింటివాళ్లకు దోసెడు. తూకం అందరికీ ఒకటే, కొసరు మాత్రం మనిషిని బట్టి. ఛీ, దీన్ని కూడా ఇప్పుడే చూడాలా, ఆ ఒక్క జ్ఞాపకాన్నన్నా ఉన్నదున్నట్టు ఉండనివ్వకూడదా. అయినా పప్పుకు కొసరు వేస్తే ఏమవుతుంది, ఇంట్లో ఇంకో పూటకు మిగులుతుంది. ఇది మిగిలేది కాదు. ఇది లోపలికి పోయి నక్కి ఉండేది.

మోకాళ్లు పట్టేసి, పెద్దపెద్ద మార్టులు వచ్చి, దుకాణం అమ్మేశాక ఆయన ఆరునెలలు మంచం మీద గోడకు తిరిగి పడుకున్నాడు. చూడలేక అల్లుడు, స్వప్నికతో కలిసి ఈ సెంటరు నడిపే ఆనంద్‌కుమారే పిలిచి కౌంటరు దగ్గర కుర్చీ వేశాడు. మనిషి మళ్లీ లేచాడు. జీతం ముట్టడు. పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు, వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇప్పిస్తాడు, దవాఖాన అంటే భయపడే ముసలమ్మలకు ధైర్యం చెప్తాడు, మధ్యలో చాయ్ పట్టుకుని రంజిత్ గదిలోకి పోతాడు. ఆ చాయ్ పట్టుకుని పోవడంలోనే జరిగి ఉంటుంది ఇదంతా. సాయంత్రం ఇంటికొస్తే మనవరాలు, స్వప్నిక చిట్టికూతురు హర్షిత భుజాలెక్కుతుంది. అసలు కన్నా వడ్డీ ముద్దు అని ఊరికే అన్నారా. మిర్చి బజ్జీ అంటే మిర్చి బజ్జీ, జిలేబి అంటే జిలేబి, కంచంలో పెట్టింది తినేలోపే ఇంకో ముద్ద, ఆ పిల్లకు వారానికోసారి కడుపునొప్పి, స్వప్నికకు తండ్రితో వారానికోసారి గొడవ. ఆయన నవ్వేవాడు. పెట్టే చెయ్యిని ఆపితే అరిష్టమనేవాడు. ఆ గొడవలన్నీ ఇంతకాలం ముద్దుగానే ఉన్నాయి.

హాల్లో అక్షయ గ్లాసు పక్కన పెట్టేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కక్కుతుందేమోనని సమత ట్రే తెచ్చింది. కక్కలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లతోనే ఇంకో గుక్క మింగింది. సీసా సగానికి వచ్చింది. నిర్మలమ్మ లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని తలుపు దగ్గరికి వచ్చింది. అజీజ్‌నగర్‌లో పాతకాలం నుంచీ ఉన్న కుటుంబం, పెనిమిటి ఒకప్పుడు సర్పంచి, వాళ్ల పొలాల చుట్టూ ఇప్పుడు ఫాంహౌసుల గోడలు లేచాయి. మాటలో ఆ ఠీవి పోలేదు, మనవరాలి జ్వరంతో కళ్లు మాత్రం గుంటలు పడ్డాయి.

"డాక్టరమ్మా, పోయినసారి తీసినట్టె నిండుగ తియ్యుండ్రి. మా ఆడిబిడ్డ మనవడికి పట్నంల తీపిస్తె రెండే ఫిల్ములిచ్చిండ్రంట. మేము గట్ల గతిలేనోళ్లం కాదు."

చూస్తానమ్మా అంది స్వప్నిక. ఆ జవాబు నోట్లోంచి రాగానే నాలుక మీద మైనం పూసినట్టయింది. చూస్తానమ్మా ఏమిటి? తీయనమ్మా అనాలి కదా. ఈ చుట్టుపక్కల ఫిల్ముల కవరు ఎంత లావుగా ఉంటే స్కాన్ అంత బాగా తీసినట్టు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు ఆ నల్లటి ఫిల్ములను ట్యూబులైటుకు అడ్డం పట్టి చూపిస్తారు, ఏది కాలేయమో ఏది పేగో తెలియకపోయినా తలలూపుతారు, ఎన్ని ఇచ్చారని అడుగుతారు. పెళ్లిళ్లలో ఎన్ని కూరలు చేశారని అడిగినట్టే. తక్కువైతే అవమానం. తక్కువ కిరణాలతో తీశాం, అది మీ పిల్లకు మేలు అని చెప్తే, తక్కువ దేనికమ్మా, మేం తక్కువోళ్లమా అంటారు. ఏం మనుషులురా నాయనా అనుకుంది, కానీ నిర్మలమ్మ కళ్ల కింది నలుపు చూసేసరికి ఆ అసహ్యం కూడా సాఫీగా సాగక మధ్యలో ఆగిపోయింది. ఆమె అడిగింది ఏమిటి, మనవరాలికి ఏ లోటూ చేయొద్దనే కదా.

ఢిల్లీ సదస్సు మొత్తం దీని మీదే. కడుపు స్కాన్‌లో కిరణాలు ఎట్లా తగ్గించాలి, తగ్గించినా బొమ్మ పనికొచ్చేలా ఎట్లా ఉంచాలి. పెద్ద హోటలు, నేల మీద కాలు కూరుకుపోయే తివాచీ, చప్పట్లు. ఒక ముసలి ప్రొఫెసరమ్మ చెప్పిన మాట ఒక్కటే ఆమె వెంట ఇంటికొచ్చింది: మీకు కావాల్సింది అందమైన బొమ్మ కాదు, ప్రశ్నకు జవాబు, జవాబు కనపడేంత ఉంటే చాలు. తను నాలుగు రోజులు అక్కడ కూర్చుని తగ్గించడం నేర్చుకుంటుంటే ఇక్కడ తన యంత్రం మీద తన తండ్రి పెంచడం నేర్పుతున్నాడు. కక్కొచ్చే సంగతి కాదూ. అయితే తగ్గించడం కూడా అంత తేలిక కాదు, అదీ ఆమెకు తెలుసు. సెంటరు కొత్తలో ఉత్సాహం కొద్దీ అందరికీ కిరణాలు ఒకేలా తగ్గించేసింది. భిక్షం అని చేవెళ్ల నుంచి టమాటాల బండి నడిపే డ్రైవరు, పెద్ద బొర్ర ఉన్న మనిషి, వీపునొప్పితో వచ్చాడు. తెర మీద పడింది కడుపు కాదు, నల్లటి ఇసుక తుపాను. కిడ్నీ ఎక్కడో, రాయి ఎక్కడో, ఎముకే సరిగ్గా కనపడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మళ్లీ పడుకోబెట్టి రెండోసారి తీయాల్సి వచ్చింది, మిగిల్చిందంతా పోయి పైన ఇంకింత పడింది. బొమ్మలోని ఇసుకను తుడిచే సాఫ్ట్‌వేరు ఉంది, కానీ దాన్ని ఎక్కువ తోమితే అవయవాలన్నీ ప్లాస్టిక్ బొమ్మల్లా నున్నబడి చిన్నచిన్న జబ్బులు ఆ నునుపులో కొట్టుకుపోతాయి. అప్పటి నుంచే మనిషి మనిషికీ వేరేగా కొలతలు పెట్టడం మొదలుపెట్టింది. ఇవాళ ఈ పిల్లకు తగ్గించి తీసి, ఆ ఇసుకలో చీముగడ్డ దాక్కుంటే? అది రేపు లోపల పగిలితే? అప్పుడు పదేళ్ల తర్వాతి గడ్డ మాట ఎవరికి కావాలి, రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. నలుగురితో పాటు నారాయణా అని నాలుగు విడతలు తీసి పారేస్తే తనను వేలెత్తి చూపేవాళ్లు ఉండరు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోతగా అనిపించింది.

ఆనంద్‌కుమార్‌కు ఫోన్ చేసింది. మోకిలలో కొత్త లేఅవుట్ల పక్కన ఇంకో బ్రాంచి పెట్టడానికి స్థలం చూస్తున్నాడు, వెనక జేసీబీ రొద. చెప్పింది విన్నాడు, విని, మామయ్య చేతుల మీదుగా గిరాకీ ఖుషీగా పోతోందని, పెద్దాయన మనసు కష్టపెట్టొద్దని, సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందామని అన్నాడు. తెలుసన్నమాట. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన వాళ్ల సెంటరు ఫ్లెక్సీ, అందులో ఎవరో తెల్లటి అమ్మాయి బుగ్గలు ఉబ్బించి నవ్వుతూ బొటనవేలు చూపిస్తోంది, పైన పెద్ద అక్షరాలతో అతి తక్కువ రేడియేషన్ అని. ఫ్లెక్సీ మూల చినిగి గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఎవరి మీదా ఉమ్మనక్కర్లేదు, అందరం ఒకే సీసాలోంచి తాగుతున్నాం అనుకుంది. అద్దంలోంచి చూస్తే అక్షయ ఆఖరి గ్లాసు ఎత్తి, ముక్కు మూసుకుని, ఒక్కసారిగా గొంతులో పోసేసుకుని, ఖాళీ గ్లాసు సమతకు బోర్లించి చూపించింది. చిన్నపిల్లల గెలుపు అది. స్వప్నిక లేచింది.

కంప్యూటరు ముందు కుర్చీలోంచి రంజిత్‌ను లేపి తను కూర్చోబోయింది, కూర్చోకుండా ముందు లోపలికి పోయి అక్షయను బల్ల మీద తనే పడుకోబెట్టింది. నడుము కింద చెయ్యి పెట్టి అటూ ఇటూ సర్దింది. మనిషి యంత్రం నట్టనడుమ ఉంటే తప్ప అది మనిషి లావు సరిగ్గా చూసుకోదు, కొంచెం పక్కకో కిందికో పోయినా లెక్క తప్పి ఎక్కువ పోస్తుంది. తొందరలో ఎవరూ పట్టించుకోని సంగతి. పిల్ల ఒళ్లు జ్వరంతో కాలుతోంది, నోట్లోంచి సోంపు కంపు. నొప్పి లేస్తుందా అని అక్షయ అడిగింది. సూదిమందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది, అంతే అని చెప్పి నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసింది. బయటికొచ్చి గీతలు పెట్టింది. పైగీత కాలేయం నెత్తి మీద, కిందిగీత కటి ఎముక కింద. ఒక్క విడత. సన్నపిల్లల కొలత. రంజిత్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు తలుపు తెరుచుకుని ముకుందం లోపలికి వచ్చాడు, పిలవకపోయినా పెళ్లికి వచ్చినంత సంతోషంగా, చేతిలో చాయ్ గ్లాసులు. తెర మీది గీతలు చూశాడు. కూతురి భుజం మీదుగా వంగి, కుడిచెయ్యి చూపుడువేలితో పైగీతను చూపించి, మనోళ్లు బిడ్డా, జర పైకి పోనియ్యి అన్నాడు. ఆ వేలి గోరు దగ్గర పసుపు మరక చూసి ఆమెకు ఒళ్లు జలదరించింది. బటన్ నొక్కింది.

బల్ల కదిలింది, యంత్రం తిరిగింది, ఊపిరి బిగబట్టమన్నది, వదలమన్నది. అయిపోయింది. తెర మీద బొమ్మలు ఒకదాని వెనక ఒకటి రాలాయి. ఇసుక పడింది. కాలేయం మీద, మూత్రపిండాల మీద, అంతటా సన్నటి ఇసుక. తిప్పింది, ఇంకా కిందికి తిప్పింది. తెల్లగా నిండిన పేగులు, అవి దాటాక కుడివైపు మూలన, పెద్దపేగు వెనకాల, తెల్లగా నిండనిది ఒకటి. నిమ్మకాయంత. చుట్టూ మందపాటి అంచు, లోపల చీము, చీము మీద రెండు గాలి బుడగలు. వెనక్కి వచ్చి మళ్లీ చూసింది. ఇసుక ఉంది, ఇసుకలోంచే అది కూడా స్పష్టంగా ఉంది, ఎవరు చూసినా కాదనలేనంతగా ఉంది. ఎక్కడి నుంచి సూది గుచ్చి తీయొచ్చో కూడా దారి కనపడుతోంది. రెండోసారి తీయక్కర్లేదు. సర్జన్‌కు ఫోన్ చేసి చెప్పింది, పిల్లను ఇవాళే పంపమన్నాడు. ఫోన్ పెట్టాక ఆమెకు ఏడుపొచ్చేంత తేలికగా అనిపించింది, అది ఒక్క నిమిషమే.

ముకుందం తెర వైపే చూస్తున్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. ఇంత గరుకుగా ఉంటే నిర్మలమ్మకు ఏం ముఖం పెట్టుకుని ఇస్తామని అడిగాడు. ఇంకోసారి కొట్టమని రంజిత్‌కు కళ్లతో సైగ కూడా చేశాడు. ఆ సైగ చూశాక స్వప్నిక ఆగలేకపోయింది. పోయిన నెల బొమ్మలు తెరిచి పైదాకా తిప్పి తండ్రి ముందు పెట్టింది.

"చూడు బాపు. ఇది పప్పు కాదు. నువ్వేసిన కొసరు గా పిల్ల రొమ్ముల మీద పడ్డది. ఇది ఒంట్లకెల్లి పోదు, ఎన్నేండ్లకో రోగమై లేస్తదేమో ఎవ్వరికి తెల్వదు. నీ చెయ్యి చూస్తె నాకు అసహ్యమైతున్నది."

ఆ ఇంట్లో కూతురు తండ్రి ముందు అలాంటి మాట ఎన్నడూ అనలేదు. రంజిత్ తల దించుకున్నాడు. ముకుందం తెర మీది ఆ వంపులు చూసి, గబుక్కున చూపు తిప్పుకుని, చాయ్ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడనుకుంది, ఇన్నేళ్లు ఊరంతా మెచ్చిన చెయ్యి కదా, రేపటి నుంచి రానని లేచిపోతాడనుకుంది, అలా పోయినా ఆపకూడదని కూడా అనుకుంది. ఆయన కోప్పడలేదు. కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే నొక్కుకుంటూ నిలబడ్డాడు. ఎవరినో దారి అడిగినంత మెల్లగా అడిగాడు.

"చిన్నపిల్లలకు గూడ గట్లనేనా బిడ్డా?"

"చిన్నపిల్లలకే ఎక్కువ బాపు. ఎంత చిన్నగుంటె అంత ఎక్కువ."

ఆయన రంజిత్ స్టూలు మీద కూలబడ్డాడు. పెదవులు తడుపుకున్నాడు. బయట హాల్లో నిర్మలమ్మ ఫిల్ముల కోసం సమతను అడుగుతున్న గొంతు వినిపించింది, ఎవరో టీవీ సౌండు పెంచారు.

"నువ్వు ఢిల్లీల ఉన్నప్పుడు హర్షితకు కడుపుల నొచ్చింది. రంజిత్‌తోని తీపిచ్చిన. ఏం లేదన్నరు. నీకు చెప్తె ఫికర్ పడ్తవని చెప్పలె."

స్వప్నిక రంజిత్ వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. ఎన్నిసార్లు అని పెదవులతోనే అడిగింది. తండ్రికి అర్థమైంది.

"మన పిల్ల గద బిడ్డా. అందరికంటె ఎక్కువనే తీపిచ్చిన."